పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడగకుండానే రాబట్టడం

నెట్‌వర్క్‌లో సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. వాటిలో నూటికి ఒకటి పోతోందని వింటే ఎవరూ పెద్దగా కంగారు పడరు. తొంభై తొమ్మిది క్షేమంగా చేరుతున్నాయి కదా, ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకుంటారు. కాస్త లెక్క వేసి చూడండి. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో, 30 ఫ్రేముల చొప్పున ఒక ప్రత్యక్ష వీడియో వెళ్తోందనుకుందాం. ఒక్కో ఫ్రేముకు సగటున 16,600 బైట్లకు పైగా పడుతుంది. ప్యాకెట్‌కు 1,200 బైట్లు సర్దితే ఒక ఫ్రేము 14 ప్యాకెట్లవుతుంది. ఆ పద్నాలుగులో ఏ ఒక్కటి చేరకపోయినా ఫ్రేము దెబ్బతిన్నట్లే. పద్నాలుగూ చేరే అవకాశం ఎంత? 0.99ను 14 సార్లు గుణిస్తే వచ్చినంత, అంటే సుమారు 87 శాతం. మిగిలిన 13 శాతం ఫ్రేములకు ఏదో ఒక గాయం తప్పదు. అంటే సెకనుకు దాదాపు నాలుగు ఫ్రేములు.

గాయం అక్కడితో ఆగినా బాగుండేది. వీడియోను కుదించేటప్పుడు ప్రతి ఫ్రేమునూ పూర్తిగా పంపరు. ముందు ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే పంపుతారు. అప్పుడప్పుడు మాత్రం దేనిమీదా ఆధారపడని ఒక కీలక ఫ్రేము వెళ్తుంది. కాబట్టి ఒక ఫ్రేములోని లోపం తర్వాతి ఫ్రేముకు, దాన్నుంచి ఆ తర్వాతిదానికి వారసత్వంగా దిగుతూ, మరో కీలక ఫ్రేము వచ్చేదాకా తెర మీద పాకుతూనే ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఒక శాతంగా కనిపించిన నష్టం, చూసేవారి కంటికి ఎప్పుడూ చిరుగులున్న బొమ్మగా కనిపిస్తుంది.

ఈ దూరాన్ని పూడ్చే సాధనాల్లో ముందస్తు దోష సవరణ ఒకటి. ఇంజనీర్ల వాడుకలో ఎఫ్‌ఈసీ. అసలు సమాచారంతో పాటు కొంత అదనపు సమాచారాన్ని ముందే పంపితే, దారిలో కొన్ని ప్యాకెట్లు పోయినా అందుకునే వైపున వాటిని లెక్కగట్టి తిరిగి తయారు చేసుకోవచ్చు. నా దృష్టిలో ఇది ఒక బేరం. బ్యాండ్‌విడ్త్ ఇచ్చి కాలాన్ని కొనుక్కుంటున్నాం. ఈ బేరం ఎక్కడ గిట్టుబాటవుతుంది, ఎక్కడ చేటు చేస్తుంది అన్నది తెలియకపోవడం వల్లే దీని చుట్టూ ఇంత గందరగోళం ఉంది.

పోవడం వేరు, చెడిపోవడం వేరు

దోష సవరణ గురించి రాసేవారు చాలామంది హ్యామింగ్ కోడ్‌తో మొదలుపెడతారు. 1950లో రిచర్డ్ హ్యామింగ్ ప్రచురించిన ఆ పద్ధతి గొప్పదే. కానీ అది పరిష్కరించే సమస్య, స్ట్రీమింగ్‌లో మనకు ఎదురయ్యే సమస్య ఒకటి కాదు. హ్యామింగ్ ఎదుర్కొన్నది తారుమారైన బిట్లను. ఏ బిట్ తారుమారైందో ముందుగా తెలియదు, దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఇంటర్నెట్‌లో యాప్ స్థాయికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. గాలిలోనూ తీగలోనూ బిట్లు తారుమారవుతూనే ఉంటాయి గాని, ఆ సంగతిని కింది పొరలే పసిగడతాయి. ప్రతి ప్యాకెట్ వెంట, సరిచూసుకోవడానికి చెక్‌సమ్ అనే ఒక సంఖ్య వెళ్తుంది. అది సరిపోలకపోతే ప్యాకెట్‌ను మొత్తంగా పారేస్తారు. రౌటర్‌లో వరుస నిండిపోయినప్పుడు కూడా వచ్చిన ప్యాకెట్‌కు పట్టే గతి అదే. కాబట్టి మన దాకా చేరిన ప్యాకెట్ దాదాపు ఎప్పుడూ నిక్షేపంగా ఉంటుంది, చేరనిది అసలే ఉండదు. పైగా మీడియాను మోసుకెళ్లే ఆర్‌టీపీ ప్రోటోకాల్‌లో ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య ఉంటుంది. 41 తర్వాత 43 వస్తే పోయింది 42 అని వెంటనే తెలిసిపోతుంది.

ఏది పోయిందో తెలియడం చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, దాని విలువ పనిలో సగం. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో ప్రచురించిన కోడ్‌నే తీసుకోండి. రెండు అదనపు సంఖ్యలు చేరిస్తే, ఎక్కడ ఉందో తెలియని తప్పును ఒక్కదాన్నే అది సరిదిద్దగలదు. స్థానం తెలిసిన ఖాళీలైతే రెండింటిని పూరించగలదు. అదే ఖర్చుతో రెట్టింపు ఫలితం. సమాచార సిద్ధాంతంలో ఇలాంటి మార్గాన్ని చెరిపివేత మార్గం అంటారు. 1955లో పీటర్ ఇలియాస్ దాన్ని మొదట నిర్వచించినప్పుడు అదొక కాగితం మీది నమూనా. దశాబ్దాల తర్వాత ఇంటర్నెట్ అచ్చం అదే నమూనాలా ప్రవర్తించడం నాకు ఎప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

మళ్లీ అడిగితే పోలేదా?

పోయిందని తెలిసినప్పుడు మళ్లీ పంపమని అడగడమే సహజమైన పని. నిజానికి చాలా సందర్భాల్లో అదే సరైన పని కూడా. ముందే రికార్డు చేసిన సినిమా చూస్తున్నప్పుడు ప్లేయర్ పదుల సెకన్ల వీడియోను బఫర్‌లో పోగు చేసుకుంటుంది. దాని కింద పనిచేసే టీసీపీ అనే ప్రోటోకాల్ పోయిన ప్యాకెట్లను అడిగి తెప్పించుకుని, వరుస సరిచేసి అందిస్తుంది. దానికి అర సెకను పట్టినా ప్రేక్షకుడికి తెలియదు. అక్కడ ఎఫ్‌ఈసీ జోడించడం వృథా.

సంభాషణ వేరు. నోట మాట వెలువడిన క్షణం నుంచి అవతలి చెవికి చేరేలోగా 150 మిల్లీసెకన్లు దాటకపోతే ఎక్కువ అవసరాలకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫారసు చెబుతుంది. ఇప్పుడు పది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇద్దరిని ఊహించండి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, కాబట్టి ఒక వైపు ప్రయాణానికే 50 మిల్లీసెకన్లు. ప్యాకెట్ రాలేదని తెలియడానికి 50, అడగడానికి 50, మళ్లీ రావడానికి 50. వెరసి 150. కెమెరా, కుదింపు, రౌటర్ల వరుసలు, తెర వీటి వంతు ఇంకా కలపనే లేదు. ఆ రెండోసారి పంపిన ప్యాకెట్ కూడా పోతే సరేసరి. గడువు దాటి వచ్చిన ప్యాకెట్ చేతులు కాలాక దొరికిన ఆకు లాంటిది. కాంతి వేగంతో బేరాలాడలేం. అందుకే అడగనవసరం లేని మార్గం కావాలి.

ఒక కూడిక, ఒక తీసివేత

గణితం చాలా సులువుగా మొదలవుతుంది. 7, 4, 9 అనే మూడు సంఖ్యలు పంపాలి. వాటితో పాటు మొత్తం 20ని కూడా పంపుదాం. దారిలో 4 పోయిందనుకోండి. 20లోంచి 7, 9 తీసేస్తే 4 తిరిగి వచ్చేస్తుంది. మూడింటిలో ఏది పోయినా ఇదే పద్ధతి. కంప్యూటర్లు మామూలు కూడికకు బదులు ఎక్సార్ అనే బిట్ల కూడికను వాడతాయి. అందులో కూడినా తీసినా ఫలితం ఒక్కటే. మొత్తాన్ని మోసే అదనపు ప్యాకెట్‌ను మరమ్మతు ప్యాకెట్ అందాం. దాని పొడవు పెరగదు, పని కూడా చాలా చౌక. 14 ప్యాకెట్లను ఇలా కలిపేస్తే ఒక మరమ్మతు ప్యాకెట్ తయారవుతుంది.

రెండు పోతే? మొత్తం ఒక్కటే చాలదు. తెలియనివి రెండు ఉన్నప్పుడు సమీకరణాలూ రెండు కావాలి. అందుకని మరో మొత్తాన్ని వేరే బరువులతో కడదాం. మొదటి సంఖ్యను ఒకటితో, రెండోదాన్ని రెండుతో, మూడోదాన్ని మూడుతో గుణించి కూడితే 7, 8, 27 కలిసి 42. ఇప్పుడు 4, 9 రెండూ పోయాయనుకోండి. మొదటి సమీకరణం ప్రకారం పోయిన రెండింటి మొత్తం 13. రెండో దాని ప్రకారం ఒకదానికి రెండింతలు, ఇంకోదానికి మూడింతలు కలిపితే 35. ఇది బడిలో నేర్చుకున్న లెక్కే. 4, 9 బయటికొస్తాయి.

రీడ్–సాలమన్ కోడ్ ఆత్మ ఇదే. ఎన్ని మరమ్మతు ప్యాకెట్లు పంపితే అన్ని ఖాళీలు, ఏవి పోయినా సరే, పూరించవచ్చు. అంతకు మించిన పొదుపు ఏ కోడ్‌కూ సాధ్యం కాదు. సంఖ్యలు పెరిగిపోయి ఒక బైట్‌లో పట్టకుండా పోకూడదు కనుక, లెక్కలన్నీ 256 విలువలు మాత్రమే ఉండే ఒక పరిమిత క్షేత్రంలో చేస్తారు. కూడికలు, గుణకారాలు, భాగహారాలు ఏవి చేసినా ఫలితం ఒక బైట్‌లోనే ఉండిపోయే ఏర్పాటు అది.

మన లెక్కలోకి తిరిగి వద్దాం. ఒక శాతం నష్టం, ఒక ప్యాకెట్‌కూ ఇంకో ప్యాకెట్‌కూ సంబంధం లేకుండా జరుగుతోందనుకుందాం. రక్షణ ఏదీ లేనప్పుడు 13 శాతం ఫ్రేములు దెబ్బతిన్నాయి. 14కు ఒక మరమ్మతు ప్యాకెట్ చేరిస్తే అది ఒక శాతం లోపుకు పడిపోతుంది. రెండు చేరిస్తే సుమారు రెండు వేల ఫ్రేములకు ఒకటి, అంటే నిమిషానికి ఒకటి చొప్పున మాత్రమే దెబ్బతింటాయి. సెకనుకు నాలుగు గాయాలను నిమిషానికి ఒకటికి తగ్గించడానికి అయిన అదనపు ఖర్చు 14 శాతం బ్యాండ్‌విడ్త్. ఈ అంకెలు చూసినవారు ఎఫ్‌ఈసీ మీద మనసు పారేసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

నష్టం గుంపుగా వచ్చినప్పుడు

పై లెక్కలో ఒక అమాయకపు ఊహ దాగి ఉంది. ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయన్నదే ఆ ఊహ. వాస్తవంలో నష్టం గుంపులుగా వస్తుంది. రౌటర్ వరుస నిండినప్పుడు ఆ కొన్ని మిల్లీసెకన్లలో వచ్చిన ప్యాకెట్లన్నీ పడిపోతాయి. వైఫై మధ్యలో అడ్డంకి వస్తే, ఫోన్ ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మారితే వరుసగా పది పోవచ్చు. బెల్ ల్యాబ్స్‌లో గిల్బర్ట్ 1960లోనే దీనికి ఒక సరళమైన నమూనా ఇచ్చాడు. మార్గానికి మంచి స్థితి, చెడు స్థితి అని రెండుంటాయి, అది వాటి మధ్య అటూ ఇటూ మారుతుంటుంది. ఇలియట్ 1963లో దాన్ని విస్తరించాడు. ఇప్పటికీ స్ట్రీమింగ్ ప్రయోగాల్లో గుంపు నష్టాన్ని అనుకరించడానికి ఆ నమూనానే వాడుతున్నారు.

సగటు అదే ఒక శాతం ఉంచి, పోయేవి మాత్రం ఐదేసి కలిసి పోతున్నాయనుకోండి. మన వీడియోలో సెకనుకు 417 ప్యాకెట్లు వెళ్తాయి కనుక సుమారు 1.2 సెకన్లకు ఒకసారి ఈ దెబ్బ పడుతుంది. దెబ్బతినే ఫ్రేముల సంఖ్య నిజానికి తగ్గింది. కానీ ఐదు ఖాళీలకు రెండు సమీకరణాలు చాలవు, కాబట్టి 14 శాతం ఖర్చు పెట్టి పంపిన మరమ్మతు ప్యాకెట్లు దాదాపు పూర్తిగా వృథా అవుతాయి. సగటు నష్టం ఒక్కటే చూసి రక్షణ స్థాయిని నిర్ణయించేవారు పొరపడేది ఇక్కడే.

దీనికి విరుగుడు పడుగు పేకల నేత. వంద ప్యాకెట్లను పది అడ్డ వరుసలు, పది నిలువు వరుసలుగా పేర్చుకోండి. పంపడం అడ్డ వరుసల క్రమంలోనే జరుగుతుంది, మరమ్మతు ప్యాకెట్లను మాత్రం నిలువు వరుసలకు కడతారు. వరుసగా పది ప్యాకెట్లు పోయినా ఒక్కో నిలువు వరుసకు ఒక్కటే లోటు పడుతుంది. ఎక్సార్ లాంటి చౌక పద్ధతితోనే పదీ తిరిగి వస్తాయి. ఖర్చు పది శాతం. అడ్డ వరుసలకు కూడా మరమ్మతు ప్యాకెట్లు కడితే ఖర్చు ఇరవై శాతమవుతుంది గాని, అప్పుడు గళ్ల నుడికట్టు పూరించినట్లు పని సాగుతుంది. అడ్డంగా ఒక గడి నిండితే దాని సాయంతో నిలువుగా మరొకటి, దాంతో ఇంకొకటి. నాలుగు ఖాళీలు సరిగ్గా ఒక దీర్ఘ చతురస్రం మూలల్లో పడితే మాత్రం ఇది కూడా చేతులెత్తేస్తుంది. టెలివిజన్ సంస్థలు వాడే ఎస్ఎంపీటీఈ 2022-1 ప్రమాణంలో ఉన్నది ఈ అల్లికే. ఫ్లెక్స్‌ఎఫ్‌ఈసీ పేరుతో 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8627 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) కూడా దీన్ని ఆర్‌టీపీ మీద నిర్వచిస్తుంది.

ధర కాలంలో పడుతుంది. వంద ప్యాకెట్లు పోగవడానికి మన 4 మెగాబిట్ల వీడియోకు 240 మిల్లీసెకన్లు కావాలి. పంపేవారు ఆగనక్కరలేదు. అసలు ప్యాకెట్లు ఎప్పటిలాగే వెళ్లిపోతాయి, మరమ్మతువి వెనక వెళ్తాయి. అందుకునేవారే ఆ మేరకు బఫర్ పెట్టుకుని ఎప్పుడూ వెనకబడి ఆడించాలి. ఏ ప్యాకెట్టూ పోని రోజున కూడా ఆ జాప్యం తప్పదు, ఎందుకంటే ఎప్పుడు పోతుందో ముందు తెలియదు. అదే వీడియో 20 మెగాబిట్లదైతే ఆ వంద ప్యాకెట్లూ 48 మిల్లీసెకన్లలోనే వచ్చేస్తాయి. అంటే లావుపాటి ప్రవాహానికి ఎఫ్‌ఈసీ కాలం రీత్యా చౌక, సన్నటి ప్రవాహానికి ఖరీదు. ఈ ఒక్క విషయం తెలిస్తే, ఒకే రక్షణ పద్ధతి అన్నిచోట్లా ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది.

మాటకు ఈ నేత అసలే నప్పదు. స్వర సంభాషణలో సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 మాత్రమే వెళ్తాయి. వంద పోగవడానికి రెండు సెకన్లు కావాలి. అందుకే 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ కోడెక్ (ధ్వనిని కుదించి, తిరిగి విప్పే పద్ధతి) వేరే దారి పట్టింది. ప్రతి ప్యాకెట్‌లో దాని సొంత మాటతో పాటు, అంతకు ముందు ప్యాకెట్‌లోని మాటకు తక్కువ నాణ్యత గల నకలును కూడా కూరుతుంది. ఒక ప్యాకెట్ పోతే 20 మిల్లీసెకన్లు ఆగితే చాలు, తర్వాతి దానిలో నకలు దొరుకుతుంది. వరుసగా రెండు పోతే మొదటిదాని ఆశ వదులుకోవాల్సిందే. 2024లో విడుదలైన ఓపస్ 1.5 ఈ పరిమితిని బాగా వెనక్కి నెట్టింది. న్యూరల్ నెట్‌వర్క్ సాయంతో గడిచిన మాటను ఎంతగానో కుదించి, ఒక్కో ప్యాకెట్‌లో సెకను వరకు గతాన్ని మోయగలుగుతుంది. అలా తిరిగొచ్చేది పోయిన శబ్దానికి అచ్చు నకలేమీ కాదు. అయినా మాట అర్థమవుతుంది, ఆ గొంతు ఎవరిదో తెలుస్తుంది. సంభాషణకు కావలసింది అదే కదా.

రద్దీలో ఎఫ్‌ఈసీ

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే పొరపాటు గురించి ఇప్పుడు చెప్పాలి. నష్టం పెరిగింది కాబట్టి మరమ్మతు ప్యాకెట్లు పెంచుదాం అన్న ఆలోచన వినడానికి సబబుగా ఉంటుంది. కానీ నష్టానికి కారణం రద్దీ అయితే, మనం చేరుస్తున్న ప్రతి ప్యాకెట్ ఆ నిండిన వరుసలోకే వెళ్తుంది. నష్టం ఇంకా పెరుగుతుంది, దాన్ని చూసి మనం ఇంకా చేరుస్తాం. అగ్నికి ఆజ్యం పోయడమే అవుతుంది. అదే దారి వాడుకుంటున్న ఇతరుల ప్రవాహాలు కూడా మన వల్ల దెబ్బతింటాయి.

కాబట్టి మరమ్మతు ప్యాకెట్లు అదనంగా రాకూడదు, ఉన్న వాటాలోంచే రావాలి. దారి మోయగలిగేది 4 మెగాబిట్లే అయితే వీడియోను 3.5కు తగ్గించి మిగిలిన 0.5ను రక్షణకు కేటాయించాలి. ఎనిమిదో వంతు తగ్గిన వీడియోను పక్కపక్కన పెట్టి చూపితే తప్ప చాలామంది పోల్చుకోలేరు. పగిలిన ఫ్రేమును మాత్రం అందరూ పోల్చుకుంటారు. ఇది నేను నిస్సంకోచంగా సిఫారసు చేసే మార్పిడి. ఇక నష్టం రద్దీ వల్లనా, రేడియో వల్లనా అన్నది తేల్చుకోవడానికి జాప్యాన్ని గమనించడం మంచి ఆనవాలు. నష్టానికి ముందు జాప్యం క్రమంగా పెరుగుతూ వచ్చిందంటే వరుస నిండుతోందన్నమాట, అప్పుడు వేగం తగ్గించాలి. జాప్యం నిలకడగా ఉండి కూడా ప్యాకెట్లు పోతుంటే ఎఫ్‌ఈసీ చేయదగిన పని అక్కడ ఉంది.

గూగుల్ తన క్విక్ ప్రోటోకాల్ తొలి రూపంలో ఎక్సార్ తరహా ఎఫ్‌ఈసీని ప్రయత్నించి, ఖర్చుకు తగిన లాభం రాలేదని తీసేసింది. 2021లో వచ్చిన ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9000లో అది లేదు. దీన్నిబట్టి ఎఫ్‌ఈసీ పనికిరాదని కొందరు తేల్చేస్తారు, అది తొందరపాటు. క్విక్ అప్పుడు మోస్తున్నదంతా ప్రధానంగా వెబ్ పేజీలు, నిల్వ వీడియోలు. మళ్లీ అడిగి తెచ్చుకునే వ్యవధి ఉన్న సమాచారమది. బ్రౌజర్లలో వీడియో కాల్స్‌ను నడిపే వెబ్‌ఆర్‌టీసీలో మాత్రం రెండు పద్ధతులూ కలిసి పనిచేస్తాయి. రాకపోకల వ్యవధి తక్కువగా ఉన్నంతసేపు పోయినదాన్ని మళ్లీ అడుగుతుంది. వ్యవధి పెరిగి, అడిగినది గడువులోగా రాదనిపించినప్పుడు ఎఫ్‌ఈసీ వైపు మొగ్గుతుంది. ప్యాకెట్లన్నిటికీ ఒకే స్థాయి రక్షణ కూడా ఇవ్వనక్కరలేదు. కీలక ఫ్రేము పోతే వెనక వచ్చేవన్నీ పాడవుతాయి కనుక దానికి ఎక్కువ, ఏ ఫ్రేమూ ఆధారపడని వాటికి తక్కువ. 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5109 ఈ అసమాన రక్షణ కోసమే రాసింది.

ఒకరి నుంచి వేలమందికి పంపేటప్పుడు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఎఫ్‌ఈసీ అందం నాకు అక్కడే ఎక్కువ కనిపిస్తుంది. ఒకే ప్రసారాన్ని వందమంది అందుకుంటున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో ప్యాకెట్ పోయింది, ఒకరిది మరొకరిది కాదు. మళ్లీ పంపాలంటే వంద వేర్వేరు ప్యాకెట్లు పంపాలి. ఎక్సార్ మరమ్మతు ప్యాకెట్ అయితే ఒక్కటి చాలు, ఎవరి ఖాళీని వారు దానితోనే పూరించుకుంటారు. ఈ ఆలోచనను చివరంటా తీసుకెళ్తే, అసలు సమాచారం నుంచి మరమ్మతు ప్యాకెట్లను ఎన్నైనా పుట్టించగల ఫౌంటెన్ కోడ్లు వస్తాయి. ఫౌంటెన్ కింద పాత్ర పెట్టినవాడు ఏ చుక్క పడిందని చూడడు, పాత్ర నిండిందా అని చూస్తాడు. మైకేల్ లూబీ 2002లో ప్రచురించిన ఎల్‌టీ కోడ్లతో ఇది ఆచరణకు వచ్చింది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6330గా ప్రమాణమైన రాప్టర్‌క్యూ అనే ఫౌంటెన్ కోడ్‌లో, అసలు ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయో అంతకు కేవలం రెండు ఎక్కువ అందితే చాలు, అవి ఏవైనా సరే, మొత్తం తిరిగి పొందలేని అవకాశం పది లక్షలకు ఒకటి లోపు ఉంటుంది. అందుకునే పరికరాల నుంచి తిరిగి సమాచారం వచ్చే దారే లేని ప్రసారాలకు ఇంతకంటే తగిన పద్ధతి నాకు తెలియదు.

స్ట్రీమింగ్ వ్యవస్థను నడిపే చాలాచోట్ల ఎఫ్‌ఈసీని ఇరవై శాతం అని ఒకసారి పెట్టి వదిలేస్తారు. అలా పెట్టే ముందు మూడు కొలతలు చేతిలో ఉండాలి. నష్టం ఎన్నేసి ప్యాకెట్ల గుంపులుగా వస్తోంది, రాకపోకల వ్యవధి ఎంత, మరమ్మతు తర్వాత కూడా మిగిలిపోతున్న నష్టం ఎంత. మూడోది చాలామంది కొలవరు. నెట్‌వర్క్ నష్టం ఒక శాతం, మరమ్మతు తర్వాత మిగిలిన నష్టం కూడా 0.9 శాతం అని తేలితే, ఆ ఇరవై శాతం బ్యాండ్‌విడ్త్‌ను అదే రోజు వీడియోకు తిరిగి ఇచ్చేయవచ్చు. లేదా అదే ఇరవై శాతాన్ని ఫ్రేముకు ఫ్రేముగా కాకుండా పడుగు పేకగా నేసి, జాప్యాన్ని మరికాస్త భరించగలరేమో చూసుకోవచ్చు.